రైలు వచ్చిన అరవై ఏళ్లకు

శ్రోతలకు నమస్కారం.

ఈ మధ్య హనుమకొండలో ఒక పెళ్లి భోజనాల దగ్గర, బంతి ఇంకా లేవకముందే, మా పెద్దబాపుకూ ఆయన అల్లుడికీ మాట పెరిగింది. "రైలు వాళ్ల కాలంలనే వచ్చె, మిల్లు వాళ్ల కాలంలనే పెట్టిరి, మన సర్కారు వచ్చినంక ఉన్న మిల్లును మూసుకుంటిమి" అని పెద్దబాపు అంటే, "అదంతా వాళ్ల ఆమ్దానీ కోసం పెట్టుకున్నరు మామా, మనకు మిగిలింది వెట్టే గదా" అని అల్లుడు అన్నాడు. స్వాతంత్ర్యానికి ముందు మన దేశం ఎంతవరకు అభివృద్ధి చెంది ఉందనే వాదం ఎక్కడ మొదలైనా సాధారణంగా ఈ రెండు వాక్యాల మధ్యే తిరుగుతూ ఉంటుంది.

మన ప్రాంతంలో ఈ వాదానికి ఇంకొక ముడి ఉంది. వరంగల్ నేరుగా బ్రిటిష్ పాలనలో లేదు. మనల్ని ఏలింది నిజాం, నిజాం పక్కన హైదరాబాదులో కూర్చున్నది రెసిడెంటు, అంటే బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి. దేశమంతటా స్వాతంత్ర్యం 1947 ఆగస్టు 15న వస్తే, మన దగ్గర నిజాం పాలన ముగియడానికి 1948 సెప్టెంబరు 17 దాకా ఆగవలసి వచ్చింది. అందుచేత ఇక్కడ "వాళ్లు" అన్నప్పుడు ఎవరిని అంటున్నామో ముందు తేల్చుకోవాలి. పెళ్లి బంతిలో అది తేలలేదు.

పెద్దబాపు చెప్పినవాటిలో అబద్ధం లేదు. సికింద్రాబాదు నుంచి రైలు 1886లో వరంగల్ చేరింది, మరి మూడేళ్లకు బెజవాడ దాకా వెళ్లింది, ఇల్లెందు బొగ్గు ఆ పట్టాల మీదనే బయటికి నడిచింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం, 1931 నాటికి నిజాంసాగర్, 1934లో మన ఆజంజాహీ మిల్లు, 1937లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ వచ్చాయి. మామునూరులో విమానాలు దిగేవి. బ్రిటిష్ ఇండియాలోని ఎన్నో జిల్లాలకు ఇన్ని లేవు. వీటిని కొట్టిపారేసే వాదం నాకు మొదటినుంచీ రుచించదు.

కానీ వస్తువు ఉందని చెప్పడం ఒకటి, దాని ఖర్చు ఎవరు పెట్టుకున్నారో, లాభం ఎవరికి ముట్టిందో చెప్పడం మరొకటి. బ్రిటిష్ ఇండియాలో తొలి రైలు కంపెనీలకు, వాటి పెట్టుబడి మీద ఏటా ఐదు శాతం రాబడికి ప్రభుత్వం పూచీ పడింది. రైలుకు లాభం వచ్చినా రాకపోయినా లండనులో వాటా కొన్నవాడికి వడ్డీ ముడుతుంది, తగ్గినదాన్ని ఇక్కడి రైతు కట్టే శిస్తు నుంచి పూరిస్తారు. నిజాం రైల్వే పేరులోనే ఆ పూచీ ఉన్నది. దాని పూర్తి పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. చిన్నప్పుడు ఆ పేరు విని, రైలు సమయానికి వస్తుందని ఇచ్చిన గ్యారంటీ కాబోలు అనుకున్నాను.

ఈ లెక్క అడగడం మన కాలపు తెలివి కూడా కాదు. హైదరాబాదు నుంచి వరంగల్ వైపు, అటునుంచి చాందా (ఇప్పటి చంద్రపూర్) వైపు రైలు మార్గం వేసే పథకం 1883లో బయటికి వచ్చినప్పుడు, దాని షరతులేమిటో, రాజ్యం మీద పడే భారం ఎంతో జనానికి చెప్పాలని హైదరాబాదులో కొందరు విద్యావంతులు పట్టుబట్టారు. వాళ్లలో ముఖ్యుడు అఘోరనాథ ఛటోపాధ్యాయ, సరోజినీ నాయుడు తండ్రి, అక్కడి కళాశాలకు ప్రిన్సిపాలు. ప్రభుత్వం షరతులు వివరించడానికి బదులు ఆయనను రాజ్యం నుంచే పంపించివేసింది. వాళ్లు రైలు వద్దనలేదన్న సంగతి మనం గమనించాలి. రైలుకు కుదుర్చుకున్న బేరం చూపమన్నారు, అంతే. చాందా వైపు మార్గం మాత్రం మరో నలభై ఆరేళ్లకు, 1929లో, కాజీపేట – బల్లార్షా లైనుగా పూర్తయింది.

ఇక ఆ రైలు దారిలోనే ఉన్న జనగామ సంగతి చూద్దాం. 1886 నుంచి జనగామ మీదుగా రైలు నడుస్తూనే ఉంది. ఆ స్టేషనుకు ఎంతో దూరం లేని ఊళ్లు విసునూరు, కడవెండి, పాలకుర్తి. అక్కడ గడీలో, అంటే కోటలాంటి ఇంట్లో, ఉండే దొరకు చాకలి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలు ఇవ్వాలి, గొల్ల గొర్రెపిల్లను తోలుకుపోయి ఇవ్వాలి, మాదిగ చెప్పులు కుట్టి ఇవ్వాలి, ఊరికి అధికారి వస్తే సామాను మోసుకుంటూ పక్క ఊరిదాకా నడవాలి, ఇందులో దేనికీ కూలి లేదు. అదే వెట్టి. రాజ్యంలో మూడో వంతుకు పైగా భూమి నిజాం తన కొలువు పెద్దలకు రాసిచ్చిన జాగీర్ల కింద, నిజాం సొంత ఖర్చుల కోసం కేటాయించిన సర్ఫెఖాస్ కింద ఉండేది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను తన ఇంటికి తెచ్చుకోవడానికి విసునూరు దొర అయిన దేశ్‌ముఖ్‌తో తలపడవలసి వచ్చింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య ఆ దొర మనుషుల తుపాకీ గుండుకు బలయ్యాడు. అప్పటికి జనగామకు రైలు వచ్చి సరిగ్గా అరవై ఏళ్లు. పట్టాలకు ఎంతో దూరం లేని పల్లెలో వెట్టి అరవై ఏళ్లపాటు చెక్కుచెదరకుండా నిలిచిందంటే, రైలు దేన్ని మార్చిందో, దేన్ని ముట్టుకోలేదో మనం విడివిడిగా చెప్పవలసి ఉంటుంది.

అల్లుడి పక్షం వాళ్లు కూడా ఒక అంకెను తరచుగా చెబుతారు. ఆంగస్ మాడిసన్ అనే ఆర్థిక చరిత్రకారుడి అంచనా ప్రకారం 1700లో ప్రపంచ ఉత్పత్తిలో నాలుగో వంతుకు దగ్గరగా ఉన్న భారత వాటా 1950 నాటికి నాలుగు శాతం చిల్లరకు పడిపోయింది. ఈ అంకెను చేతిలో పట్టుకుని మనం అప్పుడు ధనవంతులమని అనడం తొందరపాటు. యంత్రాలు లేని కాలంలో జనం ఎక్కువ ఉన్న దేశానికి ఉత్పత్తిలో వాటా కూడా ఎక్కువే ఉంటుంది. ఆయన లెక్కలోనే మనిషి తలకు వచ్చే రాబడి ఆ రెండున్నర శతాబ్దాల్లో పెద్దగా తగ్గనూ లేదు, పెరగనూ లేదు. ఇతర దేశాల్లో మనిషి రాబడి ఎన్నో రెట్లు పెరుగుతున్న కాలంలో ఇక్కడ అది కదలకపోవడమే నా దృష్టిలో అసలైన ఆరోపణ, పోయిన బంగారం కథకంటే ఇది గట్టిది.

కదలకపోవడమే కాదు, కొన్ని పనులు వెనక్కి కూడా పోయాయి. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో కమ్మరులు మూసలో కరిగించి తీసిన ఉక్కును కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వర్తకుడు వచ్చి కూర్చునేవాడని, 1820లలో ఆ ఊరు చూసిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్సీ రాసిపెట్టాడు. మన వరంగల్ తివాచీలను 1851 లండను ప్రదర్శనలో పెట్టారు. తివాచీ పని ఎట్లాగో ఈనాటికి నిలిచింది, కోనసముద్రం కొలిమి చల్లారిపోయింది.

గోదావరి జిల్లాల శ్రోతలు కాటన్ దొర మాట ఎత్తకుండా ఉండరని తెలుసు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, డెల్టా దశ తిరిగింది, అందులో సందేహం లేదు. అదే గోదావరి అంతకుముందే బాసర, ధర్మపురి, కాళేశ్వరం మీదుగా మన పొలాల పక్కనుంచే పోతుంది. దాని మీద మనకు పెద్ద ప్రాజెక్టుగా శ్రీరాంసాగర్ శంకుస్థాపన జరిగింది 1963లో. అప్పటిదాకా వరంగల్ రైతును ఆదుకున్నవి పాకాల, రామప్ప, లక్నవరం, అంటే కాకతీయుల కాలపు చెరువులు.

చదువు సంగతి వేరే చెప్పాలి. 1951 జనాభా లెక్కల్లో దేశంలో అక్షరాస్యులు పద్దెనిమిది శాతం. హైదరాబాదు రాష్ట్రంలో పది శాతానికి లోపే. భారతీయ భాషలో బోధించిన విశ్వవిద్యాలయంగా ఉస్మానియాకు దక్కవలసిన గౌరవం దక్కాలి, అయితే ఆ భాష ఉర్దూ, రాజ్యంలో దాదాపు సగం మంది మాట్లాడేది తెలుగు. తెలుగు చదువుకోవడానికి జనమే 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం పెట్టుకున్నారు. సర్కారు దాన్ని కట్టలేదు, దొర కూడా కట్టలేదు కాబట్టి కాబోలు, పెద్దబాపు జాబితాలోనూ అల్లుడి జాబితాలోనూ అది రాలేదు.

మా తాతకు కాజీపేటలో టికెట్టు కొని రైలెక్కడం వచ్చు. తన పొలం తగాదాలో కచేరీ నుంచి వచ్చిన ఉర్దూ కాగితం మాత్రం ఆయన ఏనాడూ చదవలేదు, ఎవరో చదివి చెబితే వినేవాడు. ఆ కాగితాల కట్ట ఇప్పుడు పెద్దబాపు దగ్గర ఉంది. ఆ రోజు చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాక, వాదం సంగతి మరిచిపోయినట్టే, ఆయన అల్లుణ్ని అడిగాడు, "మీ మట్టెవాడల ఉర్దూ బాగ చదివేటోళ్లు ఎవరన్న ఉన్నరా బిడ్డా, ఆ కట్ట ఒక్కపారి చూపిద్దాం" అని.