ఎన్‌క్రిప్షన్‌లో లోపం దొరికిందంటే మన డబ్బుకు ముప్పేనా?

సభకు వచ్చిన పెద్దలకు, రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల కౌంటు తేలి రేటు కుదిరిందంటే డబ్బు ఖాతాలో పడ్డట్టు ఫోన్‌కే కబురొస్తోంది. కువైట్ నుంచి కోనసీమ ఇళ్లకు వచ్చే డబ్బూ అంతే. అందుకే “ఎన్‌క్రిప్షన్ ప్రమాణంలో లోపం బయటపడింది” అన్న వార్త రాగానే, పాఠం చెప్పేవాణ్ని కదా అని నన్ను అడుగుతారు: “మన ఖాతాలకేమన్నా అవుద్దాండీ?”

ఎన్‌క్రిప్షన్ అంటే సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చి దాచడం. దాన్ని విప్పే తాళంచెవిలాంటి రహస్య సంఖ్యే కీ. ఎంత లోపమో ముందు చూడాలి. మన బ్యాంకు యాప్‌లు ఎక్కువగా ఆధారపడే ఏఈఎస్ పద్ధతిని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2001లో ఆమోదించింది. దాని 128 బిట్ల రకంలో (బిట్లంటే కీ పొడవు లెక్క) కీ వెతికే పని సుమారు నాలుగో వంతుకు తగ్గుతుందని 2011లో పరిశోధకులు చూపించారు. వింటే గుండె జారుతుంది. లెక్క వెయ్యండి: వంద కోట్ల కంప్యూటర్లు, ఒక్కోటీ సెకనుకు వంద కోట్ల కీలు ప్రయత్నించినా, ఆ తగ్గిన పనికే దాదాపు మూడు లక్షల కోట్ల ఏళ్లు పడుతుంది.

నిజంగా కూలినవీ ఉన్నాయి. డీఈఎస్ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో కీ 56 బిట్లే. 1998లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ తయారుచేసిన యంత్రం మూడు రోజుల్లోపే ఆ కీని పట్టేసింది. షా-1 సంగతి వేరు. అది దాచే పద్ధతి కాదు, ఫైలు మారలేదని తేల్చడానికి దానికో చిన్న గుర్తు తయారుచేసే పద్ధతి. అందులో బలహీనతను 2005లో చైనా పరిశోధకురాలు వాంగ్ షియావ్‌యున్ బృందం బయటపెట్టింది. గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే గుర్తు వచ్చేలా చేసి చూపించింది 2017లో. మధ్యలో పన్నెండేళ్లు. మార్చుకోవడానికి అంత వ్యవధి దొరికిందంటే ఆ లోపాన్ని దాచకుండా చెప్పినవాళ్ల పుణ్యమే. ఇప్పటి కొన్ని ఎన్‌క్రిప్షన్ పద్ధతుల్ని ఛేదించగల క్వాంటం కంప్యూటర్లు రాకముందే 2024లో నిస్ట్ కొత్త ప్రమాణాలు ప్రకటించింది కూడా.

నా దిగులంతా వేలిముద్ర గురించి. ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీయాలంటే ఆధార్ నంబరు, బ్యాంకు పేరు చెప్పి వేలు పెడితే చాలు. పిన్ లేదు, ఓటీపీ లేదు. ఆధార్ నంబరు, వేలిముద్ర రెండూ పొలం దస్తావేజు నకలులో దొరికిన సందర్భాలున్నాయి: ఒక పేజీలో ఆధార్, ఇంకో పేజీలో వేలిముద్ర. ఆ ముద్ర నుంచి రబ్బరు వేలు పోసి ఖాతాలు ఖాళీ చేసిన కేసులు మన తెలుగు రాష్ట్రాల్లోనే నమోదయ్యాయి. అక్కడ ఏ గణితాన్నీ ఎవరూ ఛేదించలేదు. బతికున్న వేలో కాదో తేల్చే పరీక్షలు తర్వాత వచ్చాయి, మంచిదే. కానీ పిన్ పోతే మార్చుకుంటాం. నాట్లు వేసి అరిగిన వేలిని మా అమ్మ ఏం పెట్టి మార్చుకుంటుంది?

అందుకే ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోండి, అంటే మీ వేలిముద్రకు తాళం వేసుకోండి. రేషన్‌కో పింఛనుకో వేలు పెట్టాల్సిన రోజు కాసేపు తెరుచుకోవచ్చు. యూపీఐలో డబ్బు మీకు రావడానికి పిన్ అక్కర్లేదు. అడిగారంటే పోయేది మీ డబ్బే. పోయిందనిపిస్తే, తెల్లారాక చూద్దాంలే అనుకోకుండా వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చెయ్యండి.

సభ అయ్యాక మా విద్యార్థులు ఇక్కడే కూర్చుంటారు. ఆధార్‌కు లింకైన ఫోన్ ఉన్నవాళ్లు వాళ్ల దగ్గరకు రండి, లాక్ చెయ్యడం చూపిస్తారు. వచ్చిన ఓటీపీ మాత్రం మీరే కొట్టండి, మా పిల్లలకు కూడా చెప్పొద్దు.