కొటియా పిల్లలది ఏ బడి?

అధ్యక్షులవారికీ, వేదిక మీది పెద్దలకీ, ఒడిశాలోని ఈ రాయగడ తెలుగువారికీ నమస్కారం. శాలువా కప్పారు, దండ వేశారు. చాలు, ఇక మాట్లాడనివ్వండి.

నాకిచ్చిన అంశం ‘సరిహద్దులో తెలుగువాడు’. గిడుగు రామమూర్తిగారి గురించి రాసుకొచ్చాను. 1936లో ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అటు కలిస్తే, ఆయన ఆ ఊరే వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఇది చెబితే మీరు చప్పట్లు కొడతారు. కానీ ఆయనే సవర భాష నేర్చి, సవర పిల్లలకి ఆ భాషలోనే పుస్తకాలు రాశారు. దీనికి ఎవరూ కొట్టరేం?

సరే, కొటియాకి వస్తాను. మొన్న సాలూరు మీదుగా ఆ కొండలెక్కాను. అక్కడి 21 ఊళ్లు మావంటే మావని ఆంధ్రాకీ ఒడిశాకీ తగాదా. 1968లో ఒరిస్సా సుప్రీంకోర్టుకెక్కింది. 2006లో కోర్టు ఇది మేం తేల్చేది కాదంది, ఉన్నదున్నట్టు ఉంచమంది. ఊళ్లు మాత్రం రెండు రేషన్ కార్డులతో, రెండు ఓటరు కార్డులతో బతుకుతున్నాయి. 2024 మే 13న అటు కోరాపుట్‌కీ ఇటు అరకుకీ ఒకేరోజు పోలింగు!

అరుగు మీద ఒక ముసలాయన్ని అడిగాను. “తాతా, మీరు ఆంధ్రావాళ్లా, ఒడిశావాళ్లా?”

“నువ్వు ఏ ఆఫీసు నుంచొచ్చావు బాబూ? అది చెప్పు, తర్వాత నేను చెప్తాను.”

నవ్వండి, నేనూ నవ్వాను. తర్వాత బడికెళ్లాను. పిల్లలు ఇంట్లో మాట్లాడేది కువి అనే గిరిజన భాష. ఒక బడిలో ఒడియా, ఇంకో బడిలో తెలుగు. మాతృభాషలో చదువని రెండు ప్రభుత్వాలూ కాగితాల మీద ఎప్పుడో రాసుకున్నాయి. నేను చూసిన తరగతిలో మాత్రం మాస్టారు అడుగుతున్నారు, పిల్లలు నేల చూస్తున్నారు. తెలివిలేక కాదండీ! బయట చెట్టు కింద ఆ పిల్లలే ఒకర్నొకరు మాట్లాడనివ్వడం లేదు.

ఇప్పుడు మీకు కోపం రావచ్చు. రాయగడలో మన పిల్లలకి తెలుగు బడి లేదని ఇందాక ముగ్గురు వక్తలు గొంతు చించుకున్నారు. న్యాయమే. కొటియాలో తెలుగు బోర్డు పెడితే మాత్రం మన జెండా ఎగిరిందంటామా? అక్కడ కువి పిల్లాడికి మన తెలుగూ, వాళ్ల ఒడియా ఒకటే బరువు. అమ్మా, వెనక కూర్చున్న టీచరుగారూ, మీరు చెప్పండి, అవునా కాదా?

గంట కొట్టారు, సరే. కార్యదర్శిగారూ, రేపు కలెక్టరుకిచ్చే వినతిపత్రంలో కువి చదువు గురించి ఒక్క వాక్యం చేర్చండి. చేరిస్తేనే నా సంతకం.