పోలో టీడీఐ టైమింగ్ కిట్ రివ్యూ: హెడ్ దింపినప్పుడే మార్చేయండి

నమస్తే అందరికీ. ముందే చెప్తున్నా, ఈ కిట్ నేను కొన్నది కాదు. హైదరాబాద్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపు వాళ్లు ఫ్రీగా పంపించారు. ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.5 టీడీఐ డీజిల్ కారుకు సరిపోయే టైమింగ్ కిట్ ఇది, అంటే ఇంజిన్‌లో పిస్టన్లూ వాల్వులూ ఒకే లయలో కదిలేలా చూసే బెల్ట్, దాని సామాను. లోపల బెల్ట్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, దారి చూపే ఐడ్లర్ పుల్లీలు, కూలెంట్‌ను తిప్పే వాటర్ పంప్ ఉన్నాయి. పార్ట్ నంబర్లు, రేట్ల జోలికి పోను.

మన బండి నల్గొండలో షెడ్డులో ఉంది. పెద్ద టర్బో వేయించి, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయిస్తున్నాం. పనిలో పనిగా వాల్వ్ గ్రైండింగ్ కూడా పెట్టుకున్నాం కాబట్టి హెడ్, అంటే వాల్వులుండే ఇంజిన్ పైభాగం, దింపారు. హెడ్ దిగాలంటే బెల్ట్ తీయాల్సిందే. "పాత బెల్ట్ బాగానే ఉంది కదన్నా, మళ్లీ అదే వేస్తే పోలా?" అని చాలామంది అడుగుతారు. వద్దు. ఇంజిన్‌ను పట్టుకునే మౌంటింగ్ విప్పడం, కవర్లు తీయడం, షాఫ్టులు కదలకుండా పిన్నులు పెట్టి టైమింగ్ కట్టడం, అసలు మజూరీ అంతా వీటికే. అది ఇప్పుడు ఎలాగూ కడుతున్నాం. రేపు ఒక్క బేరింగ్ మోగినా ఇదంతా మళ్లీ మొదటి నుంచి చేయించాలి.

మా బాబాయి పాత డీజిల్ బండికి అదే జరిగింది. ఒక షెడ్డులో బెల్ట్ మాత్రం కొత్తది వేసి, పాత బేరింగులే ఉంచేశారు. నార్కట్‌పల్లి దాటాక హైవే మీద టెన్షనర్ బేరింగ్ జామ్ అయి, బెల్ట్ పళ్లు లేచిపోయాయి. పిస్టన్లు వాల్వులకు తగిలి, వాల్వులన్నీ వంగిపోయాయి. మన టీడీఐ కూడా పిస్టన్లు వాల్వులకు తగిలే రకం ఇంజినే. బెల్ట్ తెగితే ఆ నష్టం బెల్ట్‌తో ఆగదు.

ఇప్పుడు నాకు బాగా నచ్చింది చూపిస్తా, ఈ టెన్షనర్. కెమెరా దగ్గరికి తెస్తున్నా. ఇక్కడ చిన్న ముల్లు, వెనకాల ప్లేటులో గాడి కనిపిస్తున్నాయా? ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బిగిస్తూ ఈ ముల్లును సరిగ్గా గాడి మధ్యలోకి తేవాలి. బెల్ట్‌ను వేలితో నొక్కి చూసి "సరిపోయిందిలే" అనే పద్ధతికి ఇక్కడ చోటే లేదు. పుల్లీ తిప్పి వినండి, ఏ శబ్దమూ లేదు. బండి నుంచి తీసినదాన్ని తిప్పితే గరగరమంటోంది. బయటికి చూస్తే మాత్రం అదీ నున్నగానే ఉంది.

తర్వాత వాటర్ పంప్. ఈ ఇంజిన్‌లో దాన్ని తిప్పేది కూడా ఈ బెల్టే. సీల్ పోయి కూలెంట్ కారితే బెల్ట్ మీదే పడుతుంది, బెల్ట్ పాడవుతుంది. మన జిల్లా బోరు నీళ్ల గురించి మీకు చెప్పాలా? ఫ్లోరైడ్ దెబ్బ మన పళ్లకు, ఎముకలకు. ఇంజిన్‌ను తినేది ఆ నీళ్లలోని సున్నపు గార. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటుంటే ఈరోజే మానేయండి. కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి. ఈ పంప్‌లో కూలెంట్‌ను తోసే రెక్కల చక్రం (ఇంపెల్లర్) లోహంది, ఫినిషింగ్ చక్కగా ఉంది, గ్యాస్కెట్ కూడా ఇచ్చారు.

ఇక నాకు కోపం తెప్పించిన విషయం. మౌంటింగ్ బోల్టులు కిట్‌లో లేవు! చెప్పిన బిగువు (టార్క్) దాకా బిగించాక డిగ్రీల లెక్కన ఇంకా తిప్పి బిగించే బోల్టులు అవి. బిగించినప్పుడే సాగుతాయి కాబట్టి ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు. ఇంత మంచి పంప్ ఇచ్చి, ఇంజిన్‌ను పట్టుకునే బోల్టులు ఇవ్వకపోవడం ఏంటండీ? నల్గొండలో ఎక్కడా దొరకలేదు, హైదరాబాద్ నుంచి తెప్పించాం. అవి వచ్చేదాకా బండి ర్యాంప్ మీదే ఉంది.

అయినా నేను ఈ కిట్ తీసుకోమనే చెప్తా. ఆ టెన్షనర్, ఆ పంప్ చూశాక వేరే మాట రావట్లేదు. ఫ్రీగా రాకపోయినా కొనేవాణ్ణి. బోల్టులు మాత్రం విడిగా ముందే ఆర్డర్ పెట్టుకోండి. బిగించాక మెకానిక్ అన్నతో క్రాంక్ చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పించండి. పిన్నులు మళ్లీ సాఫీగా దిగితేనే కీ తిప్పనివ్వండి.