కచేరీలో కళ్ళకి కూడా పనుంది

అందరికీ నమస్కారం.

ఈసారి మన విశాఖ కళాభారతిలో కచేరీకి వెళ్ళినప్పుడు ఒక పని చెయ్యండి. రాగాలాపన, అంటే తాళం లేకుండా రాగాన్ని విప్పుతూ పాడటం, మొదలవగానే అందరం పాడేవారి మొహం వైపే చూస్తాం కదా, ఆ కాసేపూ వయొలిన్ విద్వాంసుడి కళ్ళు చూడండి. ఆయన ముందు కాగితం ఉండదు. గాయని ఇవాళ ఆ రాగంలో ఎక్కడిదాకా వెళ్తుందో, ఎక్కడ నిలబడుతుందో ముందుగా ఎవరూ చెప్పరు, చాలాసార్లు వాళ్ళిద్దరూ కలిసి ఒక్క రిహార్సల్ కూడా చేసుకుని ఉండరు, నేరుగా స్టేజి మీదే కలుస్తారు. అయినా ఆమె పాడిన ప్రతి సంచారాన్నీ, అంటే స్వరాల నడకనీ, వెంటనే అందుకుంటాడు. చెవితోనే అందుకుంటాడు, నిజమే. కానీ చెవి ఒక్కటే అయితే అంత తొందరగా కుదరదు. ఆమె గడ్డం కొంచెం పైకి లేచి భుజాలు సర్దుకున్నాయంటే తారస్థాయికి, అంటే పై స్వరాలకి, ఏదో పెద్ద ప్రయోగం రాబోతోందని, గాల్లో తిరుగుతున్న చెయ్యి నెమ్మదిగా దిగి ఒళ్ళో ఆనిందంటే ఇక షడ్జం, అంటే ‘స’, మీదకొచ్చి తనకి వదిలేస్తోందని, ఇవన్నీ శబ్దం కంటే ఒక క్షణం ముందే అతనికి అందిపోతాయి.

నేను ఈ ఊళ్ళో పక్కవాద్యం వాయించుకుంటూ, పిల్లలకి వయొలిన్ పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్న మనిషిని. శాస్త్రవేత్తని కాను. కానీ ఈ విషయం మీద దేశదేశాల్లో జరిగిన పరిశోధనలు చదువుతుంటే, మేం స్టేజి మీద రోజూ చేసే పనికి లెక్కలు దొరికినట్టు అనిపించింది. నాకు అర్థమైనంతలో సంగతి ఇదీ: కచేరీలో ఒళ్ళు చేసే పని పైపై అలంకారం కాదు, అది లేకపోతే సంగీతం నడవదు. దాన్ని చూడటం నేర్చుకున్న శ్రోతకి కచేరీ ఎక్కువ అందుతుంది. అయితే ఎవరు బాగా పాడారో తేల్చాల్సిన చోట అదే కన్ను మనల్ని దారి తప్పిస్తుంది.

ముందు తాళం దగ్గర మొదలుపెడతాను. ఆది తాళం అంటే ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క, తర్వాత దెబ్బ-తిప్పు, దెబ్బ-తిప్పు, మొత్తం ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు. ఇది ఇక్కడున్న సగం మందికి తెలిసిందే. పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో లెక్క చూపించడానికి కండక్టరని వేరే మనిషి ఉంటాడు, మన దగ్గర పాడే మనిషే ఆ లెక్కని తన తొడ మీద అందరికీ కనపడేలా వేస్తుంది. మృదంగం ఆయన కంటికి ఆ చెయ్యి ఎంత ముఖ్యమో ప్రేక్షకుల్లో కూర్చుంటే తెలియదు. సమం, అంటే తాళం మొదటి దెబ్బ, దాటి అక్షరంన్నర తర్వాత ఎత్తుకునే కీర్తన అనుకోండి, అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడే స్వరకల్పనలో లెక్కలు మెలితిరిగి ఎక్కడున్నామో తెలియని చోట ఆ చెయ్యి ఒక్కటే దారి. అందుకని నిర్వాహకులకి నాదొక విన్నపం. అందం కోసం స్టేజి మీద మీరు పెట్టే పూలకుండీలు, సన్మానం జ్ఞాపికలు, ఆ పెద్ద మైక్ స్టాండ్లు, వీటితో గాయని చెయ్యి మృదంగానికి కనపడకుండా చేసేస్తున్నారు. మా టెన్షన్ మీకు తెలియదు గానీ, మొదటి కీర్తన అంతా మెడ పక్కకి చాపి వాయించాల్సి వస్తుంది.

తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం, దాని చివర్లో జరిగేది ఇంకా ముచ్చటైన విషయం. మృదంగం, ఘటం వంతులేసుకుని వాయిస్తారు, వంతులు దగ్గరపడుతూ వస్తాయి, ఆఖరికి ఇద్దరూ కలుస్తారు. ఆ కలిసే చోట ఘటం ఆయన తన ఘటం చూసుకోడు, మృదంగం మీదున్న కుడి చెయ్యే చూస్తాడు. ముక్తాయింపు, అంటే ముగింపు వరస, ఎత్తుకునే ముందు మృదంగ విద్వాంసుడు తల పైకెత్తి గాయని వైపు ఒక్క చూపు చూస్తాడు. మూడుసార్లు వాయించి నువ్వు పాట ఎత్తుకునే చోటికి వచ్చేస్తున్నా, సిద్ధంగా ఉండమని దానర్థం. ఆమె తల ఊపుతుంది, లేదా తాళం వేసే దెబ్బ కొంచెం గట్టిగా వేస్తుంది. ఒక్క మాట ఉండదు. హాలు చప్పట్లతో మోగుతుండగా ఆమె పల్లవి సరిగ్గా చోటుకి అందుకుంటుంది. మృదంగానికి కుడి పక్క ప్రేక్షకుల వైపు ఉండాలి కాబట్టి ఎడమచేతి వాటం విద్వాంసుడొస్తే కూర్చునే వరసే మార్చాలి, అలా ఎడమచేత్తో వాయించిన పళని సుబ్రమణ్య పిళ్ళై గారి కాలంలో ఇది పెద్ద చర్చే అయింది. ఎవరు ఎక్కడ కూర్చుంటే ఎవరికి ఎవరు కనపడతారన్నది మాకు అంత పెద్ద విషయం.

మన ఉత్తరాంధ్రకి ఇది కొత్తగా చెప్పాలా? తప్పెటగుళ్ళు చూసినవాళ్ళకి తెలుసు, రేకు తప్పెట గుండెల మీద కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో, రెండు చేతులా వాయిస్తూ గుండ్రంగా తిరుగుతూ పాడతారు. అక్కడ వాయించడం ఎక్కడ ఆగిందో ఆడటం ఎక్కడ మొదలైందో విడదీసి చెప్పలేం. ఆదిభట్ల నారాయణదాసు గారు రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఐదింటితో ఐదు తాళాలు ఒకేసారి వేసేవారని పెద్దలు చెప్పుకుంటారు. ఆయన హరికథ చెబుతుంటే ఒళ్ళంతా సంగీతమే.

ఆయనే విజయనగరం మహారాజా సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్, కాలేజీ 1919లో పెట్టారు. అదే కాలేజీలో వయొలిన్ ఆచార్యుడిగా చేరి 1936లో ప్రిన్సిపాల్ అయినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు, మన విశాఖలో పెరిగినవారు. ఆయనకి చూపు మందం. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్న ఆయన ఫొటో వయొలిన్ నేర్చుకున్న ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. మరి నేను ఇందాకటి నుంచి చెబుతున్న ఈ చూపులూ సైగలూ ఆయనకెలా అందేవి? దీని గురించి నేను చాలా ఆలోచించాను. గాయకుడి ఊపిరి వినపడుతుంది. తాళం దెబ్బ వినపడుతుంది, స్టేజి చెక్క మీద కూర్చుంటే ఒంటికి తగులుతుంది కూడా. స్కాట్లండ్‌కి చెందిన ఎవెలిన్ గ్లెన్నీ అనే తాళవాద్య విద్వాంసురాలికి చిన్నప్పుడే వినికిడి చాలావరకు పోయింది, ఆవిడ చెప్పులు విప్పి ఆ కంపనాల్ని ఒంటితో అందుకుంటూ వాయిస్తుంది. అంటే తోటివాళ్ళ కబురు ఒక దారిలో అందకపోతే ఇంకో దారిలో వస్తుంది. కళ్ళు ఒక దారి, పెద్ద దారి, కానీ ఒకే దారి కాదు.

ఇక శ్రోతల సంగతికి వద్దాం. మన మెదడు చెవి మాట, కంటి మాట వేరువేరుగా వినదు, కలిపేస్తుంది. 1976లో హ్యారీ మెగర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు చూపించింది చాలా ప్రసిద్ధం: శబ్దం ‘బ’ అని వినిపిస్తూ పెదవులు ‘గ’ అంటున్నట్టు చూపిస్తే చాలామందికి ‘ద’ అని వినపడుతుంది. కళ్ళు మూసుకుంటే మళ్ళీ ‘బ’. సంగీతంలోనూ అంతే. 2007లో మైకేల్ షుట్జ్, స్కాట్ లిప్స్‌కోంబ్ మారింబా మీద ఒక ప్రయోగం చేశారు. మారింబా అంటే చెక్క పలకల్ని పుల్లలతో కొట్టే వాయిద్యం, కొట్టాక స్వరం ఎంతసేపు మోగుతుందన్నది వాయించేవాడి చెయ్యి ఊపు మీద ఆధారపడదు. శబ్దం మాత్రమే వింటే పొడుగాటి ఊపుతో కొట్టినా పొట్టి ఊపుతో కొట్టినా జనానికి తేడా తెలియలేదు. వీడియో చూపించి, చెయ్యిని పట్టించుకోవద్దు, శబ్దాన్నే లెక్కలోకి తీసుకోండి అని చెప్పినా, పొడుగాటి ఊపుతో కొట్టిన స్వరం ఎక్కువసేపు మోగిందనే అన్నారు. నాకిది చదివాక వయొలిన్ వాయించే కమాను గుర్తొచ్చింది. స్వరం చివర కమాను తీగ మీంచి తీసేశాక కూడా మేం చెయ్యిని గాల్లో అలా నెమ్మదిగా పోనిస్తాం చూడండి, మా గురువులు అది నేర్పింది అందం కోసమే అనుకున్నాను. ఆ స్వరం మీ చెవిలో ఇంకొంచెం సేపు ఉండటానికి అని ఇప్పుడు అనుకుంటున్నాను. ఇది మోసం కాదు. మీకు అందేది ఆ కదలికతో కలిసిన స్వరమే కాబట్టి ఆ కదలిక కూడా సంగీతంలో భాగమే.

ఇంకో చిన్న సంగతి. హాల్లో స్పీకర్లు రెండు పక్కలా ఉంటాయి, పాట మాత్రం మధ్యలో కూర్చున్న గాయని నోట్లోంచే వస్తున్నట్టు ఉంటుంది, కన్ను చెవిని అలా ఒప్పించేస్తుంది. ఆర్కే బీచ్‌లో పెద్ద ఈవెంట్ పెట్టినప్పుడు వెనకెక్కడో నిలబడితే ఇది చెడుతుంది. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే వెళ్తుంది, కాబట్టి స్టేజికి వంద మీటర్ల దూరంలో ఉన్నవాళ్ళకి, మధ్యలో వేరే స్పీకర్లు లేకపోతే, డ్రమ్ముల మీద పుల్ల పడటం ముందు కనపడి చప్పుడు సెకనులో మూడో వంతుకి కాస్త తక్కువ ఆలస్యంగా వస్తుంది. చిన్నచిన్న తేడాల్ని మెదడు సర్దేసుకుంటుంది గానీ అంత తేడాని సర్దుకోలేదు. పాట బాగానే ఉన్నా మనసు అందులో కుదురుకోకపోవడానికి అదొక కారణం.

ఆన్‌లైన్ పాఠాలదీ ఇదే బాధ. ఇద్దరు కలిసి వాయించాలంటే శబ్దం చేరడంలో ఆలస్యం దాదాపు 30 మిల్లీసెకన్లు దాటితే లయ ఈడ్చుకుపోవడం మొదలవుతుంది, వీడియో కాల్‌లో ఆలస్యం అంతకంటే చాలా ఎక్కువ. పైగా కెమెరాలో పిల్ల మొహమే కనపడుతుంది, తాళం వేసే చెయ్యి కనపడదు. అమెరికాలో ఉన్న మన పిల్లల తల్లులకి నేను మొదట చెప్పేది ఇదే, ల్యాప్‌టాప్ కాస్త వెనక్కి జరిపి మోకాళ్ళ దాకా కనపడేట్టు పెట్టండమ్మా అని.

ఇప్పుడు మనం కొంచెం గట్టిగా మాట్లాడుకోవాల్సిన విషయం. 2013లో చియా-జుంగ్ సే అనే పరిశోధకురాలు, తను కూడా పియానో విద్వాంసురాలే, అంతర్జాతీయ పియానో పోటీల్లో చివరి ముగ్గురి క్లిప్పులు జనానికి ఇచ్చి గెలిచిందెవరో చెప్పమంది. శబ్దం మాత్రమే విన్నవాళ్ళు గుడ్డిగా చెప్పినదానికంటే మెరుగ్గా చెప్పలేదు. శబ్దం లేని వీడియో చూసినవాళ్ళు మాత్రం సుమారు సగంసార్లు సరిగ్గా చెప్పారు. సంగీతం వృత్తిగా ఉన్నవాళ్ళదీ అదే పరిస్థితి. 2018లో శామ్యూల్ మెర్ బృందం దాన్ని మళ్ళీ చేసి చూసింది. అవే క్లిప్పులతో అదే ఫలితం వచ్చింది, కానీ వేరే క్లిప్పులు తీసుకుంటే అంత గట్టిగా నిలవలేదు. కాబట్టి కంటిదే ఎప్పుడూ పైచెయ్యి అని అనలేం. అయినా ఆ పోటీల న్యాయనిర్ణేతలు ఏం చూసి నిర్ణయించారో ఒక్కసారి ఆలోచించండి.

మన ఊళ్ళో పిల్లల పోటీల మార్కుల కాగితాల్లో ‘స్టేజ్ ప్రెజెన్స్’ అని ఒక గడి చేరింది. ఈ మధ్య ఒకచోట దానికి శృతితో సమానంగా మార్కులు పెట్టారు. శృతి ఎక్కడా చెదరకుండా, కాలప్రమాణం, అంటే పాట వేగం, జారకుండా పాడిన పిల్ల, కాస్త బెరుకుగా కిందికి చూస్తూ పాడినందుకు వెనకబడిపోయింది. టీవీ షోలో చూసినట్టు చెయ్యి తిప్పి, నవ్వి, కన్ను మూసి తెరిచిన పిల్లాడికి బహుమతి వచ్చింది. ఆ పిల్లాడి తప్పేం లేదు పాపం. కానీ ఆ పిల్ల ఇంటికెళ్ళి అద్దం ముందు నవ్వు ప్రాక్టీసు చేస్తుంది, శృతి పెట్టుకుని కూర్చోదు. నాకు దీనిమీద నిజంగా కోపం ఉంది.

ఒళ్ళు గురించి మన శాస్త్రం మాట్లాడలేదా అంటే, మాట్లాడింది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో గాయకుల దోషాలు 25 చెప్పాడు. అందులో అపస్వరం, తాళం తప్పడంతో పాటు కంటికి కనపడేవీ బోలెడు: పళ్ళు బిగించి పాడటం, నోరు భయంకరంగా తెరవడం, మెడ వంకర పెట్టడం, మొహం మీదా మెడ మీదా నరాలు పొంగించడం, ఒళ్ళు బారచాపడం, కళ్ళు మూసుకుని పాడటం. ఈ చివరిదాన్ని చాలామంది ఒప్పుకోరు, కళ్ళు మూస్తేనే కదండీ లీనమయ్యేది అంటారు. పక్కవాద్యం వాయించే మనిషిగా నాకు మాత్రం శార్ఙ్గదేవుడి మాట బాగా అర్థమవుతుంది. గాయకుడు కీర్తనంతా కళ్ళు మూసేసుకుంటే మాకు సగం తలుపులు మూసేసినట్టే. ఇంకోటి గమనించండి, ఆయన ఆ జాబితాలో నవ్వలేదనో, చేతులు తిప్పలేదనో ఎవరికీ దోషం పెట్టలేదు.

కాబట్టి పోటీల్లో కనీసం మొదటి రౌండు తెర వెయ్యాలి అంటాను నేను. ఇదేం వింత కాదు. అమెరికాలో పెద్ద ఆర్కెస్ట్రాలు 1970ల నుంచి తెర వెనక వాయింపించి ఎంపిక చేస్తున్నాయి. మడమల చప్పుడుకి ఆడో మగో తెలిసిపోతోందని నేల మీద తివాచీ కూడా పరిచారు. మన ఆకాశవాణి కళాకారుల గ్రేడు కూడా రికార్డింగు విని ఇచ్చేదే కదా. తుది రౌండులో తెర తియ్యండి, అప్పుడు పక్కవాద్యంతో ఎలా కలుస్తున్నారో చూసి మార్కులు వెయ్యండి, అది చూడాల్సిన విషయమే. ‘స్టేజ్ ప్రెజెన్స్’ గడి కొట్టేసి ‘పక్కవాద్యాలతో కలయిక’ అని రాయండి.

మీ వైపు నుంచి కూడా మాకు కబురు వస్తూనే ఉంటుంది. ముందు వరసల్లో ఎవరో పెద్దాయన తొడ మీద తాళం వేస్తూ, మంచి సంగతి, అంటే ఒకే పాదాన్ని కొత్తగా మార్చి పాడటం, వచ్చిన దగ్గర ‘ఆహా’ అని తల పక్కకి వాలుస్తారు. గాయని అది చూసి అదే సంగతికి ఇంకో మెలిక చేర్చి మళ్ళీ పాడుతుంది. ఆ రెండో సంగతి ఆయన వల్ల పుట్టింది. అక్కడే నాలుగు ఫోన్లు పైకి లేచి రికార్డు చేస్తుంటే మాకు మొహాలు కనపడవు, మొహాల ముందు వెలిగే అద్దాలు కనపడతాయి. ఆ రోజు సంగతులు తక్కువే పుడతాయి.

సరే, నేను మాట్లాడింది చాలు. వరసల్లో మీకు రెండేసి కాగితాలు పంచారు కదా. మా పిల్లలు ముగ్గురు ఒకే కీర్తన పల్లవి, అనుపల్లవి పాడతారు. ముందు తెర వెనక, నంబర్లతో. మార్కులు వేసి ఆ కాగితం మడిచి పెట్టుకోండి. తర్వాత తెర తీసి, వరస మార్చి మళ్ళీ పాడతారు, రెండో కాగితం మీద మార్కులు వెయ్యండి. పక్కవారి కాగితంలోకి చూడొద్దు. రెండూ పక్కపక్కన పెట్టుకుని అప్పుడు మాట్లాడుకుందాం, నాతో గట్టిగా వాదించండి. మృదంగం మాస్టారూ, సిద్ధమేనా? అమ్మా, ఒకటో నంబరు, శృతి పెట్టుకో.