ప్రసూతి సెలవా, రాజీనామానా? – ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. పిల్లలు పుట్టాక ఆడవాళ్ళ ఉద్యోగం, జీతం ఏమవుతున్నాయన్నది ఈరోజు విషయం. కార్మిక చట్టాలు చూసే న్యాయవాది మేడమ్ స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ రణస్థలం నుంచి. చెప్పండమ్మా.

కాలర్: హలో... మేడమ్, వినబడుతోందా? నేను పైడిభీమవరంలో మందుల కంపెనీ ల్యాబ్‌లో చేస్తున్నాను. నాలుగేళ్ళ రెండు నెలలైంది. ఇప్పుడు నాకు ఐదో నెల. మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, బిడ్డని ఎవరు చూస్తారని ఒకటే మాట. మా ఆయన వైజాగ్‌లో ఉంటారు, వారానికోసారి వస్తారు. మొన్న ఆఫీసులో సారు పిలిచి, "ఇప్పుడు రిజైన్ చేసెయ్యమ్మా, డెలివరీ అయ్యాక ఖాళీ ఉంటే మళ్ళీ తీసుకుంటాం" అన్నారు. మంచిగానే చెప్పారు మేడమ్...

న్యాయవాది: కాగితం ఏమైనా రాసిచ్చారా?

కాలర్: లేదండి. సోమవారం రాయమన్నారు.

న్యాయవాది: రాయొద్దు. సంతకం పెట్టొద్దు. జీతం ఎంత?

కాలర్: 18 వేలండి, చేతికి ఇంకా తక్కువే. ఈఎస్ఐ అని, ఉద్యోగుల బీమాకి, 135 రూపాయలు కట్ అవుతుంది.

న్యాయవాది: ఆ 135 రూపాయలే నీకు అండ, తల్లీ. జీతం 21 వేల లోపు కాబట్టి ఈఎస్ఐలో ఉన్నావు. మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతం వాళ్ళే ఇస్తారు. నీకు ఇంచుమించు లక్షా ఎనిమిది వేలు. అది కంపెనీ జేబులోంచి పోయే డబ్బు కూడా కాదు.

కాలర్: అయితే రిజైన్ చేసి తర్వాత మళ్ళీ చేరొచ్చు కదా మేడమ్?

న్యాయవాది: "ఖాళీ ఉంటే" అన్నారు, ఆ మాట విన్నావా? ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని తీసెయ్యడానికి 1961 నుంచీ చట్టం ఒప్పుకోదు. అందుకే నీ చేతే రాయిస్తున్నారు. నువ్వే మానేశావంటే ఇక అడగడానికి ఏముంటుంది? ఇంకొకటి, గ్రాట్యుటీకి, అంటే ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే డబ్బుకి, ఐదేళ్ళు నిండాలి. ఈ 26 వారాలు కూడా సర్వీసులోకే వస్తాయి. గ్రాట్యుటీ మూల వేతనం మీద కడతారు. నీ బేసిక్ ఎంత?

కాలర్: 10,400 అండి.

న్యాయవాది: ఏడాదికి ఆరు వేల చొప్పున ఐదేళ్ళకు 30 వేలు. ఇప్పుడు సంతకం పెడితే అదీ పోయినట్టే. మళ్ళీ చేరితే కొత్తగా వచ్చినవాళ్ళ జీతం ఇస్తారు. నేను భయపడేది ఆరు నెలల జీతం గురించి కాదమ్మా, ఆ తర్వాత పదేళ్ళ ఇంక్రిమెంట్ల గురించి.

కాలర్: కానీ మేడమ్, రాయనంటే కోప్పడతారేమో. అత్తయ్యగారు కూడా రిజైన్ చేస్తేనే మంచిదని...

న్యాయవాది: ఆవిడ బెంగ నిజమే, ఆవిడ్ని తప్పుపట్టకు. 50 మంది, ఆపైన పనిచేసే చోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలి, రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చు. ఉందో లేదో అడుగు. సోమవారం రాజీనామాకు బదులు సెలవు చీటీ రాసివ్వు. కాపీ మీద అందినట్టు సంతకం తీసుకో. వాళ్ళు సంతకం చెయ్యకపోతే అదే మెయిల్‌లో పంపు. రాజీనామా మీద సంతకం మాత్రం...

కాలర్: పెట్టను మేడమ్.

యాంకర్: థాంక్యూ అమ్మా. పలాస నుంచి ఇంకో కాలర్.

కాలర్: మేడమ్, జీడిపప్పు ఫ్యాక్టరీలో కిలో లెక్కన డబ్బులిస్తారు. మాకూ సెలవుంటుందా?

న్యాయవాది: ఉంటుందమ్మా. కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. కిలో లెక్కైనా చివరి మూడు నెలల సగటు కడతారు. హాజరు చీటీలు దాచుకో... హలో?

యాంకర్: లైన్ కట్ అయింది. బొబ్బిలి నుంచి, చెప్పండి.

కాలర్: ప్రైవేట్ స్కూల్లో ఆరేళ్ళు చేసి, పాప పుట్టాక మానేశానండి. ఇప్పుడు మళ్ళీ చేరుతున్నాను. పాత పీఎఫ్ తీసేసుకోమంటున్నారు.

న్యాయవాది: తీయొద్దు. కొత్త స్కూలుకు మార్పించుకోండి. పీఎఫ్‌తో పాటు వచ్చే పెన్షన్‌కు పదేళ్ళ సర్వీసు కావాలి, మీకు ఆరు ఉన్నాయి. పెన్షన్ డబ్బు తీసుకుంటే ఆ ఆరూ లెక్కలోంచి పోతాయి.

యాంకర్: గజపతినగరం నుంచి.

కాలర్: మా ఆవిడ జీతం 22 వేలండి. బాబుని చూసే ఆయాకి, బస్సుకి 12 వేలు పోతున్నాయి. మిగిలే పది వేల కోసం ఇంత టెన్షన్ ఎందుకని...

న్యాయవాది: ఆ 12 వేలు ఆవిడ జీతంలోంచే ఎందుకు తీశారండీ? బాబు ఇద్దరికీ కొడుకే కదా. మీ జీతం ఎంత?

కాలర్: 40 వేలండి.

న్యాయవాది: ఇద్దరిదీ కలిపి 62 వేలు, అందులోంచి తీయండి. ఆర్థికశాస్త్రంలో 2023 నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ ఒక మాట చెప్పారు. ఒకే పని చేసే ఆడ, మగ జీతాల మధ్య తేడా చాలావరకు మొదటి బిడ్డతోనే మొదలవుతుంది. బాబు మూడేళ్ళకు బడికి వెళ్తాడు, ఆయా ఖర్చు తగ్గుతుంది. ఆవిడ ఇప్పుడు మానేస్తే ఆ 22 వేలు అప్పుడు దొరుకుతాయా? ఆవిడేమంటున్నారు?

కాలర్: అడగలేదండి.

న్యాయవాది: అడగండి. ఈ రాత్రికే అడగండి.

యాంకర్: సమయం అయిపోయింది మేడమ్. నమస్కారం.