శెనక్కాయ వేరులో రెండు రకాల కణాలు

తమ్ముడు: నమస్కారం. అనంతపురం నుంచి మా అక్కాతమ్ముళ్ల పాడ్‌కాస్ట్ ఇది. ఇంటర్ బైపీసీలో కొత్తగా చేరిన పిల్లలు కణం పాఠం అంటేనే టెన్షన్ అంటున్నారు. అక్కా, రోజూ బాటనీ చెప్పేదానివి, ఎక్కడ మొదలుపెడదాం?

అక్క: చేలో మొదలుపెడదాం. ఇప్పుడు శెనక్కాయ పూత మీద ఉంది. ఒక చెట్టు పీకి, వేర్లకు అంటుకున్న ఎర్రమన్ను మెల్లగా కడిగితే చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చి చూడండి. లోపల ఎర్రగా ఉంటుంది.

తమ్ముడు: అది తెగులు కాదా?

అక్క: కాదు, చేనుకు మంచిదే. ఆ ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్‌ది, మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టం. ఆ బుడిపెలో రెండు రకాల కణాలూ ఉన్నాయి, ఒకదాంట్లో ఒకటి! పుస్తకంలో కేంద్రకం ఉన్నది నిజకేంద్రక కణం, లేనిది కేంద్రక పూర్వ కణం అని పట్టిక గీసి బట్టీ పట్టిస్తారు. నాకది అస్సలు నచ్చదు.

తమ్ముడు: ఏది ఏ కణం?

అక్క: శెనక్కాయది నిజకేంద్రక కణం. బయట సెల్యులోజ్‌తో కణకవచం, దాన్ని ఆనుకొని పలచటి ప్లాస్మా పొర, లోపల కణద్రవ్యం. డీఎన్ఏ ఉండేది పొర చుట్టిన కేంద్రకంలో. శక్తి తీసేవి మైటోకాండ్రియాలు. నీళ్లు దాచేది రిక్తిక. వాన మొహం చాటేస్తే మధ్యాహ్నానికి ఆకులు వాలిపోతాయి చూడు, రిక్తికల్లో నీళ్లు తగ్గి కణాల బిగువు పోవడం వల్లే అది.

తమ్ముడు: హరితరేణువుల మాట చెప్పలేదు.

అక్క: ఎండతో తిండి తయారుచేసే ఆ పచ్చటి రేణువులు ఆకులో ఉంటాయి. మొక్క కణం గీయమంటే పిల్లలు ప్రతిదాంట్లోనూ పచ్చరంగు వేస్తారు. మన్నులో ఉన్న వేరుకు వాటితో ఏం పని?

తమ్ముడు: మరి రెండో కణం?

అక్క: బ్రాడీరైజోబియం అనే బాక్టీరియా. దానికి కేంద్రకం లేదు, డీఎన్ఏ కణద్రవ్యంలోనే ఉంటుంది. మైటోకాండ్రియాలూ లేవు. కణకవచం ఉంది గానీ సెల్యులోజ్‌ది కాదు, చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసిన పెప్టిడోగ్లైకాన్‌ది. ప్రోటీన్లు తయారుచేసే రైబోసోములు దీంట్లో 70ఎస్ అనే చిన్న రకం, మొక్క కణద్రవ్యంలోవి 80ఎస్ అనే పెద్ద రకం. మొక్క కణం మామూలుగా 10 నుంచి 100 మైక్రోమీటర్లుంటే, బాక్టీరియా ఒకటో రెండో మైక్రోమీటర్లు. అందుకే ఒక్కో కణంలో అన్నేసి పడతాయి.

తమ్ముడు: లోపలికి ఎట్ల పోతాయి?

అక్క: చాలా పప్పుజాతి మొక్కల్లో మూలకేశాల గుండా, అంటే వేరు మీది సన్నటి నూగు గుండా పోతాయి. శెనక్కాయలో అట్ల కాదు. పక్కవేరు బయటికి పొడుచుకొచ్చిన చోట సందు పడుతుంది, అందులోంచి దూరతాయి. లోపల చేరి గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి మొక్కకిస్తాయి, బదులుగా మొక్క తిండి పెడుతుంది. ఆ పని చేసే నైట్రోజినేజ్ ఎంజైమ్‌కు ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది. లెగ్‌హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టి ఉంచి ఆ ఎంజైమ్‌ను కాపాడుతుంది. రైతులకూ ఒక మాట: యూరియా ఎక్కువ గుమ్మరిస్తే బుడిపెలు తగ్గిపోతాయి.

తమ్ముడు: ఇంకో కణంలో కాపురం పెట్టిన కణం! వింతగా ఉందక్కా.

అక్క: మైటోకాండ్రియాలూ ఒకప్పుడు అట్ల వచ్చి చేరిన బాక్టీరియాలే. 1967లో అమెరికా జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్ ఈ మాట గట్టిగా వాదించింది. వాటికి సొంత డీఎన్ఏ, సొంత రైబోసోములు ఉన్నాయి, హరితరేణువులకూ అంతే.

తమ్ముడు: అయితే ఈ బుడిపెలోవీ రేపు మైటోకాండ్రియాల్లాగా కణంలో భాగాలు, అంటే కణాంగాలు అవుతాయా?

అక్క: ఇప్పటికైతే కాలేదు. బుడిపె కుళ్లాక కొన్ని మళ్లీ మన్నులో చేరి సొంతంగా బతుకుతాయి. పంట వేసిన ప్రతిసారీ కొత్తగా దూరాల్సిందే. కానీ సముద్రంలో ఒక శైవలం, అంటే నాచు జాతిది ఉంది. దాంట్లో నత్రజని పట్టే బాక్టీరియా ఏకంగా కణాంగమే అయిపోయిందని 2024లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. పేరు నైట్రోప్లాస్ట్. మన పుస్తకాల బొమ్మల్లో ఇంకా ఎక్కలేదు, మీ నోట్సులో మీరే గీసుకోండి.