పాలపిట్ట ఈకలో నీలం ఎక్కడుంది?

(జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు కడపలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఎండలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. శాలువాలవీ చివర్లో చూసుకుందాం.

నాకిచ్చిన అంశం 'జంతువుల్లో, మొక్కల్లో రంగులు'. ఏడు పాయింట్లు రాసుకొచ్చాను. మొదటిది సులువు. పసుపుకొమ్ములో, ఎర్రచందనం చెక్కలో రంగు పదార్థం ఉంటుంది. దంచినా, అరగదీసినా రంగు పోదు. రెండోది నీలం. అక్కడికొచ్చేసరికి నా కుడిచెవి మండుతుంది.

ఏడో తరగతిలో మా చేలో కరెంటు స్తంభం కింద పాలపిట్ట ఈక దొరికింది. సిరా చేద్దామని బ్లేడుతో తరిగి, అమ్మ మందులు నూరే కల్వంలో వేసి మధ్యాహ్నమంతా నూరాను. నీలం రాలేదు. మా జేజినాయన నశ్యం పొడి లాంటిది వచ్చింది. సైన్సు సారుకు చూపిస్తే, "నీలం ఈక నూరితే నీలం ఎక్కడికి పోతుందిరా? అబద్ధాలా?" అని చెవి మెలిపెట్టాడు.

ఆయన్ను తప్పుపట్టను. సరే, కొంచెం పడతాను. ఎందుకంటే 1934లోనే ఇదే పాలపిట్ట ఈకల రంగు గురించి పరిశోధన పత్రం వచ్చింది. రాసింది సి.వి. రామన్. ఇవాళ ఎవరి పేరు చెప్పి ఈ షామియానా వేశారో ఆయనే!

ఆ ఈకలో నీలం పదార్థమే లేదు. మన గోళ్లలో ఉండే కెరటిన్ లాంటిదే అక్కడ స్పాంజిలా సన్నటి గాలి గదులు కట్టుకుని ఉంటుంది. వెలుతురు పడితే అది నీలాన్ని వెనక్కి చిమ్ముతుంది. మిగతాదాన్ని అడుగునున్న మెలనిన్ అనే నల్లటి రంగు పదార్థం మింగేస్తుంది. నూరితే గదులు కూలిపోతాయి, మెలనిన్ మిగులుతుంది. నా కల్వం అబద్ధం చెప్పలేదు.

వెనక వరుస వింటున్నారా? రామచిలుకదీ సగం ఇదే కథ. ఇలాంటి నీలానికి పసుపు పదార్థం తోడై పచ్చ అవుతుంది. తేనెటీగకు ఎరుపు కనబడదు, మనకు కనబడని అతినీలలోహితం కనబడుతుంది. అది నాలుగో పాయింటు, ఇంతటితో సరి.

ఎందుకంటే అసలు సంగతి వేరే ఉంది. దసరాకు పాలపిట్టను చూస్తే మంచిదని, రెక్కలు దారంతో కట్టి బుట్టలో పెట్టుకుని గడప గడపకూ తెస్తారు. మనం ఇరవయ్యో యాభయ్యో ఇచ్చి దండం పెట్టుకుంటాం. పట్టడం చట్టప్రకారం నేరం, అది అలా ఉంచండి. రెక్క విప్పనిదే ఆ పిట్టలో నీలమంతా ఎలా కనబడుతుంది? మీరు డబ్బిచ్చి చూసింది మట్టిరంగు రొమ్ము! ఈసారి గడపలోకి తెస్తే ఇవ్వొద్దని మీ అమ్మకు చెప్తారా? గట్టిగా చెప్పండి, చెప్తారా?

ఫిబ్రవరిలో దసరా గొడవేంటి అంటారేమో. దసరాకు నాకెవరూ మైకు ఇవ్వరు సార్.

గంట కొట్టేశారు. ఊసరవెల్లి గురించి చీటీ పంపిన పాప ఎవరమ్మా? బయట వేపచెట్టు కింద ఉంటాను, రా.